ఖాసిం మామది ఏ దేశం?

పంజాబులో ఆ పోస్టుకు నేను చేరింది జనవరిలో. ట్రక్కు దిగేసరికి ఉదయం ఎనిమిదైంది. పక్కన నిలబడ్డ మనిషి మొహం కనపడలేదు, అంత మంచు. మాది రెంటచింతల. రాష్ట్రంలోనే ఎండలకు పేరుబడ్డ ఊరు. చలి అంటే మాకు తెలిసింది మార్గశిరంలో ఒక దుప్పటి ఎక్కువ కప్పుకోవడమే. అక్కడ రైఫిలు ముట్టుకుంటే వేళ్ళు దానికే అతుక్కుపోతాయేమో అనిపించేది.

ఊళ్ళో నన్ను మిలిటరీ అంటారు. నేను చేసింది సరిహద్దు దళంలో. యుద్ధం చెయ్యలేదు, కాపలా కాశాను. ఎనభైల నడిమి సంవత్సరాలవి, పంజాబు మండుతున్న రోజులు. పోస్టు పేరు రాయను.

నాకిచ్చిన సామాను ఒక రైఫిలు, మూడు కంబళ్ళు, నాకంటే జానెడు పొడుగున్నవాడెవడో విప్పేసిన ఓవర్‌కోటు. ఎడమపక్క గోధుమ చేలు. కుడిపక్క ఆవాలు, పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. మధ్యలో తారురోడ్డు. రోడ్డు మీద మన గేటు, దానికెదురుగా వాళ్ళ గేటు. రెంటికీ మధ్య మా ఇంటి ముందు సందంత జాగా. పొలాల్లో అప్పటికి కంచె లేదు, సరిహద్దు రాళ్ళు మాత్రం ఉండేవి.

మా సుబేదారు హర్యానా మనిషి. మొదటి రోజే చెప్పాడు. "పాస్‌పోర్టు చూడు. మొహం చూడు. రెండూ కలిస్తే వదులు. మాటలు పెట్టుకోకు."

ఇప్పుడు టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు అడుగుతుంటారు. "పాకిస్తానోళ్ళని దగ్గరగా చూశావా బాబాయ్? ఎట్టుంటారు?" చూశానని చెప్తాను. వాళ్ళు కథ కోసం ముందుకు జరుగుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. మనవాళ్ళు పాకిస్తానోడని ముద్రేసి నా చేతికప్పగించిన మనిషిది గురజాల.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం. నేను అన్నం ముందు కూర్చున్నాను. మా వైర్‌లెస్ ఆపరేటర్, మలయాళీ అతను, తలుపు దగ్గరికొచ్చి కేకేశాడు.

"ఆంధ్రా, సుబేదార్ సాబ్ రమ్మంటున్నాడు. పోలీసులు ఎవరినో పంపించెయ్యడానికి తెచ్చారు. వాడి భాష ఎవరికీ తెలియడం లేదు. ఒకే ముక్క పట్టుకున్నాడు."

"ఏం ముక్క?"

"నేను బోను, నేను బోను అంటున్నాడు. బోను అంటే ఏంటి?"

నేను కంచం వదిలేసి లేచాను.

గేటు పక్క గదిలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గళ్ళ లుంగీ, పల్చటి చొక్కా, మెడ చుట్టూ తువ్వాలు, కాళ్ళకి హవాయి చెప్పులు. ఆ చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. యాభైకి దగ్గర్లో ఉంటాడు. మన జిల్లా నుంచి రైల్లో తెచ్చిన కానిస్టేబుళ్ళు ఇతన్ని ఢిల్లీలోనే పంజాబు పోలీసులకి అప్పగించి ముందురోజే వెనక్కి వెళ్ళిపోయారు. ఆ గదిలో తెలుగు ముక్క తెలిసినవాడు ఒక్కడూ లేడు.

"ఏ ఊరు?" అన్నాను.

తల ఎత్తాడు. నా బూట్లు చూశాడు, రైఫిలు చూశాడు, ఆఖరికి మొహం చూశాడు.

"గురజాల. నీదేవూరు నాయనా?"

"రెంటచింతల."

"ఎవరబ్బాయివి?"

"శౌరయ్య మేష్టారి రెండోవాణ్ణి."

"చర్చి వెనక ఇల్లు. మీ మిరపతోటలో ఆయిలింజను మొరాయిస్తే బాగుచేసింది నేనేగదరా. నేను ఖాసింని. మీ అమ్మ జొన్నరొట్టె పెట్టింది, గోంగూర ఏసి."

నాకు గుర్తొచ్చాడు. గురజాల బస్టాండు దగ్గర రేకుల షెడ్డు, దాని ముందు విప్పి పడేసిన ఇంజన్లు. పల్నాడులో సగం మోటార్లు ఆయన చేతి మీదే తిరిగేవి. అందరికీ ఖాసిం మామ.

సుబేదారు హిందీలో అన్నాడు. "ఇతనికి చెప్పు. ఇతను హిందుస్తానీ కాదు. సర్కారు హుకుం వచ్చింది. ఇవాళ తన దేశానికి వెళ్తున్నాడు. అర్థమైందని వేలిముద్ర వెయ్యాలి."

ఆ మాట తెలుగులో ఎట్లా చెప్పాలి? నువ్వు మనోడివి కాదు అని మనమాటలోనే చెప్పాలి. చెప్పాను. నా గొంతు నాకే పరాయిగా వినపడింది.

"ఎవరు తేల్చారది?" అన్నాడు ఖాసిం మామ.

"ఆర్డరొచ్చింది మామా."

"ఆర్డరిచ్చినోడు గురజాల వచ్చాడా? నన్నేమన్నా అడిగాడా? నేను బోను. ఏలిముద్రా ఎయ్యను."

ఆయన కథ నేను అక్కడే నిలబడి విన్నాను, ఒక్కో ముక్కా సుబేదారుకి హిందీలో చెబుతూ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పదమూడో పద్నాలుగో ఏట మేనమామ కరాచీలో పని ఉందని వెంట తీసుకుపోయాడు. అక్కడొక వర్క్‌షాపులో ఇంజన్ల పని నేర్చుకున్నాడు. ఆరేళ్ళకు కబురొచ్చింది, తల్లి మంచం పట్టిందని. వస్తానంటే అక్కడివాళ్ళు పాస్‌పోర్టు లేనిదే కదలడానికి వీల్లేదన్నారు. వాళ్ళ దగ్గర దొరికేది వాళ్ళ పాస్‌పోర్టే. తీసుకున్నాడు. దాని మీద మూడు నెలల వీసా వేయించుకుని గురజాల వచ్చాడు. తల్లి చనిపోయింది. ఆయన మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకెళ్తాడు? ఇక్కడే పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లలు పుట్టారు. పాతికేళ్ళు గడిచిపోయాయి. ఓటు వేశాడు. రేషను బియ్యం తెచ్చుకున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

అడిగింది షెడ్డు జాగా గల ఆసామి. బస్టాండు దగ్గర స్థలాలకి గిరాకీ వచ్చింది. ఖాళీ చెయ్యమన్నాడు. అద్దె సక్రమంగా కడుతున్నా, ఎందుకు చెయ్యాలన్నాడు ఖాసిం మామ. ఆసామి కోర్టుకి పోలేదు. పైకి ఒక అర్జీ పెట్టాడు, మా ఊళ్ళో పాకిస్తానీ ఉన్నాడని. అంతే. ఒక రోజు పొద్దున షెడ్డులో పనిచేసుకుంటున్న మనిషిని జీపెక్కించారు. ఇంటికి పోయి చొక్కా మార్చుకోనివ్వలేదు.

సుబేదారు బయటికెళ్ళాడు. నేను గొంతు తగ్గించి అడిగాను. "మామా, ఆరేళ్ళు కరాచీలో ఉన్నావు. నీకు ఉర్దూ రాదా?"

"రాకేం? శుభ్రంగా వచ్చు."

"మరి వీళ్ళతో ఒక్క ముక్కన్నా మాట్లాడొచ్చుగా?"

"గుంటూరులో రైలెక్కిచ్చినప్పుడే అనుకున్నా. నా నోట్లోంచి ఒక్క ఉర్దూ ముక్కొస్తే, చూశారా, అక్కడోడే అంటారు. ఢిల్లీ టేసన్లో దాహమై నాలిక పిడచకట్టుకుపోయింది. తెలుగులోనే అడిగా, మంచినీళ్ళు ఇప్పించండయ్యా అని. ఎవడికీ అర్థంగాలా. తాగలా."

ఈ సంగతి నేను సుబేదారుకి చెప్పలేదు. చెప్పనందుకు ఈనాటికీ సంతోషమే. నా వాటర్ బాటిల్ తీసి ఇచ్చాను. గుక్క తిప్పుకోకుండా తాగాడు.

మూడు గంటలప్పుడు గేటు తీశారు. పోలీసు ఇన్‌స్పెక్టరు ముందు, వెనక ఖాసిం మామ, పక్కన నేను. వేలిముద్ర వెయ్యలేదు. "వెయ్యకపోతే ఏం, మనిషిని దాటిస్తే చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అటునుంచి వాళ్ళ అధికారి వచ్చాడు, మీసాలు మెలేసిన పొడుగాటి మనిషి. మన పోలీసులు ఇంట్లో వెతికి పట్టుకొచ్చిన పాస్‌పోర్టు తీసుకుని తిరగేశాడు. ఫోటోలో ఉన్నది మూతి మీద నూగు మీసం వస్తున్న కుర్రాడు. గడువు ఎప్పుడో దాటిపోయింది.

"ఇది చెల్లదు" అన్నాడు. "ఈ మనిషి గురించి మాకేమీ తెలియదు. మావాడు కాదు."

"మీ ముద్రే ఉందిగా" అన్నాడు మన ఇన్‌స్పెక్టరు.

"పాతికేళ్ళు మీ దగ్గరున్నాడుగా."

"మా దగ్గరున్నా మావాడు కాదు."

"అయితే మీరే చూసుకోండి."

ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకున్నారు. సంతలో గొడ్డు పళ్ళు చూసి వద్దనుకున్నట్టు పాస్‌పోర్టు వెనక్కిచ్చాడు అతను. వాళ్ళ గేటు మూసుకున్నాడు. మన ఇన్‌స్పెక్టరు నన్ను లోపలికి రమ్మని, మన గేటూ వేయించాడు. ఖాసిం మామ మధ్యలో ఉండిపోయాడు.

మా ఆపరేటర్ వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని పై ఆఫీసు కంట్రోల్ రూముని పిలిచాడు. నేను కిటికీ బయట నిలబడి విన్నాను.

"కంట్రోల్, అవతలివాళ్ళు తీసుకోవడం లేదు. ఓవర్."

"వెయిట్ చెయ్యండి. ఓవర్."

"మనిషి గేట్ల మధ్య ఉన్నాడు. ఓవర్."

"మధ్య అంటే ఎవరి వైపు? ఓవర్."

ఆపరేటర్ సుబేదారు మొహం చూశాడు. సుబేదారు మైకు లాక్కున్నాడు. "ఎవరి వైపూ కాదు. ఓవర్."



సన్నగా జల్లు మొదలైంది. ఖాసిం మామ తువ్వాలు మెడ నుంచి తీసి, తడిసిన రోడ్డు మీద పరిచాడు. నమాజుకి పడమర తిరిగాడు. అక్కడ పడమర అంటే వాళ్ళ గేటు. గేటు దగ్గర కాపలా ఉన్న మా దళం మనిషి ఒకడు నవ్వాడు. "చూడు, వాడి మొహం ఎటు తిరిగిందో."

నాకు తిక్కరేగింది. "గురజాలలో కూడా ఆయన పడమటికే తిరుగుతాడురా" అని అరిచాను హిందీలో. "మదరాసులో ఉన్నా పడమటికే తిరుగుతాడు. నీకు చదువు చెప్పినవాడెవడు?" వాడు నా కాలరు పట్టుకున్నాడు, నేను వాడి కాలరు పట్టుకున్నాను. సుబేదారు వచ్చి ఇద్దర్నీ విడదీశాడు. ఆ వారమంతా నాకు అదనపు కాపలా వేశాడు. మాటలు పెట్టుకోవద్దన్నానా లేదా అన్నాడు.

పొద్దు వాలుతోంది. కంట్రోల్ నుంచి హుకుం రాలేదు. సుబేదారు గేటు దగ్గరికి నడిచి తనే గడియ తీశాడు.

"సాబ్, ఆర్డర్?" అన్నాడు ఆపరేటర్.

"నా గేటు ముందు మనిషి చలికి చస్తే జవాబు చెప్పాల్సింది నేను. కంట్రోల్ కాదు." నా వైపు తిరిగాడు. "తీసుకురా మీ మామని."

వంటవాడు వేడి రొట్టెలు, పప్పు పెట్టాడు. చలికి వేళ్ళు కొయ్యబారి ఖాసిం మామ రొట్టె తుంచలేకపోయాడు. నేను తుంచి ఇచ్చాను. నా ఓవర్‌కోటు ఆయన భుజాల మీద వేశాను. పొద్దున్నే పోలీసులు మళ్ళీ వచ్చి జైలుకి తీసుకుపోయారు. జీపెక్కుతూ ఒక్క మాట అన్నాడు. "మీ అత్త జాన్‌బీకి చెప్పు నాయనా. నేను బోలేదని చెప్పు."

ఏప్రిల్లో నాకు సెలవు దొరికింది. గుంటూరులో మాచర్ల బండి ఎక్కాను. రెంటచింతలకు టికెట్టు తీసుకుని గురజాలలోనే దిగిపోయాను. ఒంటి మీద యూనిఫారమే ఉంది. బస్టాండు దగ్గర షెడ్డు లేదు. రేకులు పీకేశారు. అక్కడ పునాది తవ్వుతున్నారు.

జాన్‌బీ అత్త ఇంటి ముందు ఎండుమిరపకాయల తొడాలు తీస్తోంది, కూలికి తెచ్చుకున్నవి. నా బట్టలు చూసి లేచి నిలబడింది.

"అత్తా, మామ పోలేదు" అన్నాను.

మిరపకాయల మధ్యే కూర్చుండిపోయింది. అక్కణ్ణుంచే అడిగింది. "వాళ్ళు రానియ్యలేదా?"

"రానియ్యలేదు."

"మనోళ్ళో?"

"మనోళ్ళూ వద్దన్నారు. ఇప్పుడు అక్కడ జైల్లో ఉన్నాడు."

"మరాయన ఎక్కడ పుట్టినట్టయ్యా? గాల్లో పుట్టాడా?" గొంతు పెరిగింది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. "మంత్రసాని ఇంకా బతికే ఉందిగా, ఎనిమిదిళ్ళ అవతల! దాన్ని అడిగారా? పెళ్ళికొచ్చి బిర్యానీ తిన్నోళ్ళంతా ఏరి? ఆ పొద్దు జీపు ఎక్కిస్తుంటే ఒక్కడన్నా ఇదేందని అడిగాడా?"

తెరుచుకున్న తలుపుల్లో కొన్ని మళ్ళీ మూసుకున్నాయి.

నేను నేరుగా ఆసామి ఇంటికెళ్ళాను. అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. కూర్చోమన్నాడు, మజ్జిగ తెప్పించాడు. నేను తాగలేదు.

"నేనేం అబద్ధం రాయలేదబ్బాయ్" అన్నాడు. "పాకిస్తాన్ పాస్‌పోర్టు ఉందా లేదా?"

"ఉంది."

"మరింకేంది?"

నా చెయ్యి లేచింది. దించుకున్నాను. కొట్టి ఉంటే నా ఉద్యోగం పోయేది, ఆయన షెడ్డు జాగా ఆయనకే ఉండేది. ఇప్పటికీ ఆ అరుగు ముందు నుంచి పోతే నా చెయ్యి ఊరుకోదు.

అత్తని తీసుకుని నరసరావుపేట వెళ్ళాను. అక్కడొక ముసలి ప్లీడరు గారు మొత్తం విన్నారు. మధ్యలో కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒక మనిషి ఈ దేశం పౌరసత్వం పోగొట్టుకున్నాడా లేదా అనేది స్టేషన్లో తేల్చేది కాదమ్మా. ఢిల్లీలో ప్రభుత్వం తేల్చాలి. అదీ విచారణ చేసి, ఇతని మాట విని. ఇక్కడ విచారణే లేదు. ముందు రైలెక్కించారు" అన్నారు. తర్వాత నన్ను చూశారు. "గేటు దగ్గర జరిగింది నువ్వు కళ్ళారా చూశావు. ప్రమాణపత్రం ఇస్తావా? నీ పైవాళ్ళు ఊరుకోరు. ఆలోచించుకో."

అదే రోజు సాయంత్రం మా నాన్నకి కబురు పంపారెవరో, మీవాడు పాకిస్తానీ కేసులో తలదూరుస్తున్నాడు, సర్వీసు పోద్ది అని. మా నాన్న బడి పంతులు, గట్టిగా మాట్లాడి ఎరగడు. "ఇంజను బాగుచేసినందుకు ఆయన మన దగ్గర కూలి పుచ్చుకోలేదురా, మీ అమ్మకి జ్వరంగా ఉందని" అన్నాడు. మర్నాడు పోయి సంతకం చేశాను.

ఆయన్ని సరిహద్దు దాటించకుండా పై కోర్టు స్టే ఇచ్చింది. ఖాసిం మామని జైలు నుంచి వెనక్కి తెచ్చేసరికి మిరప సీజను మళ్ళీ వచ్చింది. నన్ను పంజాబు నుంచి ఈశాన్యంలో ఒక అడవి పోస్టుకి బదిలీ చేశారు. నా తోటివాళ్ళు ప్రమోషన్లొచ్చి నాయక్‌లయ్యారు. నేను జవానుగానే ఉన్నాను. కారణం ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

విచారణ తర్వాత జరిగింది. నేను లేను. ప్లీడరు గారు చెప్పారు. విచారణ అధికారి అడిగాడట. "ఆ పాస్‌పోర్టు ఇష్టపడే తీసుకున్నావా?"

"మా అమ్మ చావుబతుకుల్లో ఉందయ్యా. అది లేందే రానియ్యమన్నారు."

"నేనడిగింది అది కాదు. ఎవరన్నా కత్తి చూపించి ఇచ్చారా?"

"లేదయ్యా."

"అయితే ఇష్టపడి తీసుకున్నట్టే."

ఇంటికి రావడానికి ఆయనకున్న దారి అదొక్కటే. ఆ దారినే తప్పు చేశారు. ఈ దేశం పౌరుడు కాదని తేలింది. పంపడానికి ఇంకో దేశం ఒప్పుకోదు గనక ఉండనిచ్చారు, విదేశీయుడిగా. ఏటేటా పర్మిట్టు. అర్జీ ఆయన పెట్టుకోవాలి, హామీ భార్య ఇవ్వాలి. శనివారం శనివారం స్టేషన్లో సంతకం. మళ్ళీ పౌరుడిగా నమోదు చెయ్యమని పెట్టుకున్న దరఖాస్తు ఢిల్లీలో ఉంది. ఉంది అని మాత్రమే చెబుతారు. నేను సెలవుల్లో వచ్చినప్పుడు ఒక శనివారం తోడు వెళ్ళాను. కోళ్ళ దొంగ, సారా కాచేవాడు, వాళ్ళ వెనక ఖాసిం మామ, చెప్పులు గుమ్మం బయట విడిచి. లోపల జనరేటరు ఆగిపోయిందట. కానిస్టేబుల్ వచ్చి, "సంతకం తర్వాత, ముందు దీని సంగతి చూడు ఖాసిమూ" అన్నాడు. చూశాడు. బాగుచేశాడు. వచ్చి మళ్ళీ వరసలో నిలబడ్డాడు.

"ఎందుకు చేశావు మామా?" అన్నాను బయటికొచ్చాక.

"అది ఇంజనురా. దానికేం తెలుసు?" అన్నాడు.

దశాబ్దం చివర్లో నేను ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చాను. ట్రంకుపెట్టె, బెడ్డింగు, రెండు జతల బూట్లు. రైలు స్టేషనుకి మా అన్న ఒక్కడే వచ్చాడు. దండలేమీ లేవు, నాకూ అక్కర్లేకపోయింది. ఆ ఏడాదే ఎన్నికలొచ్చాయి.

పోలింగు రోజు నేను గురజాల వెళ్ళాను. బడి దగ్గర జనం. ఓటర్ల జాబితాలోంచి ఖాసిం మామ పేరు ఎప్పుడో తీసేశారు. భార్యకు ఓటుంది, పిల్లలకుంది. ఆయన రోడ్డుకి ఇవతల టీ బంకు బల్ల మీద కూర్చున్నాడు, ఉతికిన చొక్కా తొడుక్కుని. నేనూ పక్కన కూర్చున్నాను. దారినపోయేవాళ్ళు పలకరిస్తున్నారు. "ఏం మామా, వేశావా?" తెలియక కొందరు, తెలిసి కొందరు. ఆయన నవ్వి తల ఊపుతున్నాడు.

జాన్‌బీ అత్త బడి గేటులోంచి బయటికొచ్చింది. వేలికి సిరా చుక్క పెట్టిన ఎడమచెయ్యి పిడికిలి బిగించి పమిట కింద పెట్టుకుంది. మా దగ్గరికొచ్చి, ఆయన వైపు చూడకుండా నిలబడింది.

"ఏశావా?" అన్నాడు.

తల ఊపింది.

"ఏదీ, చూపీ."

చూపలేదు. ఆయనే పమిట కింద నుంచి ఆమె చెయ్యి బయటికి తీశాడు. గట్టిగా మూసుకున్న పిడికిలి. రోడ్డు మీద అంతమంది చూస్తుండగా, ఇంజన్ల నూనె ఇంకిపోయిన వేళ్ళతో, ఒక్కో వేలూ తెరుస్తున్నాడు. ఆమె మళ్ళీ మళ్ళీ మూస్తోంది.